ఎక్స్‌పోర్ట్ పెడితే 98 డిగ్రీలు, పేస్టు మార్చాల్నా?

సాంచాల_పిల్లగాడు · మే 11, రాత్రి 9:42

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలె. నాది నాలుగేండ్ల కిందటి గేమింగ్ లాప్‌టాప్. ఐ5-9300హెచ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650, 16 జీబీ ర్యామ్. సిరిసిల్లల ఉంట, పెండ్లి వీడియోలు ఎడిట్ చేస్త. మొన్నటిదాంక మంచిగనే ఉండె. ఈ ఎండకాలం సంది ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ అయిన వీడియోను ఫైలుగ తీసుడు) పెట్టంగనే పక్క షెడ్డుల సాంచాల (మరమగ్గాల) మోతను మించి ఫ్యాను మోత. ఐదు నిమిషాలకు కీబోర్డు మీద వేలు పెట్టనిస్తలేదు. నిన్న సగం ఎక్స్‌పోర్ట్‌ల టక్కున బందయింది.

ఒక షాపుకు పట్కపోతే తెరిచి గూడ చూడలే. "పేస్టు ఎండిపోయింది, గిట్లనే నడిపితే బోర్డు పోతది. 2,200 అయితది, మూడు రోజులు పెట్టిపో" అన్నడు. లగ్గాల సీజన్ల మూడు రోజులు ఎట్ల ఇడ్సిపెడ్త? నేనే చేసుకుందామని ఎంఎక్స్-4 ట్యూబు (చిప్పుకు, దాని మీది రాగి పలకకు నడుమ పూసే పేస్టు) ఆర్డర్ పెట్టిన. ఎంత పెట్టాలె, ఎట్ల పూయాలె, జర చెప్పున్రి.

గోదారి_గట్టు · మే 11, రాత్రి 10:05

ఎంత పెట్టాలంటే ఇడ్లీ మీద నెయ్యిలా కాదండోయ్, బొట్టు పెట్టినట్టు పెట్టాలి. మిగతాది మాస్టారొచ్చి చెప్తారు, నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

పాత_స్క్రూడ్రైవర్ · మే 11, రాత్రి 11:20

తమ్ముడూ, ట్యూబు వచ్చేలోపు ఒక పని చెయ్యి. నేను బెజవాడలో పద్నాలుగేళ్లుగా ఈ రిపేర్లే చేస్తున్నాను. "పేస్టు మార్చాలి" అని తీసుకొచ్చిన వాటిలో చాలావాటికి కావాల్సింది బ్రష్షే. తెరవకుండానే ఏది తప్పో చాలావరకు తెలుసుకోవచ్చు.

హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో వేసుకో, లోపలి వేడీ వేగమూ చూపించే ప్రోగ్రాం. సెన్సర్ల పేజీ తెరిచి, మామూలుగా ఎక్స్‌పోర్ట్ పెట్టి, చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్ పట్టుకుని చూడు. నాకు కావాల్సినవి నాలుగే. ఏ పనీ లేనప్పుడు ఎన్ని డిగ్రీలు? లోడు పెట్టాక 95 దాటడానికి ఎంతసేపు పట్టింది? ఆపేశాక ఎంతసేపటికి దిగింది? వెనక సందులోంచి వచ్చే గాలి ఎలా ఉంది, వేడిగా ఉందా, జోరుగా ఉందా?

లోడు పెట్టిన రెండు సెకన్లకే 95 కొట్టి, ఆపగానే డబ్బున 60కి పడిపోతే, చిప్పు వేడి రాగి దాకా చేరట్లేదన్నమాట. అప్పుడు పేస్టు దోషం. అలా కాకుండా నిమిషం, రెండు నిమిషాలు మెల్లగా ఎక్కి, ఆపాక కూడా దిగనని మొరాయిస్తే, వేడి రాగిలోకి వచ్చి కూర్చుంది, బయటికి పోయే దారి లేదు. అది దుమ్ము.

ఇంకోటి. ట్రాక్‌ప్యాడ్ కానీ వెనక మూత కానీ ఉబ్బినట్టు కనిపిస్తే ఏమీ చెయ్యకు, ముందు చెప్పు. అది బ్యాటరీ ఉబ్బడం, దాని కథ వేరు.

సాంచాల_పిల్లగాడు · మే 12, మధ్యాహ్నం 1:15

ఉబ్బలేదన్నా. చూసి రాసిన:

గదిల 37 డిగ్రీలు (గోడ గడియారంల చూపిస్తది). ఖాళీగ ఉన్నప్పుడు 61. ఎక్స్‌పోర్ట్ పెట్టినంక నిమిషానికి 84, మూడున్నర నిమిషాలకు 98. ఆడికెళ్లి అట్లనే నిలబడ్డది. స్పీడు 1.7 గిగాహెర్ట్జ్‌కు పడిపోయింది, థర్మల్ థ్రాట్లింగ్ దగ్గర "ఎస్" అని ఎర్రగ వచ్చింది. ఆపినంక 70 కిందికి రావడానికి నిమిషంనర పట్టింది. వెనక గాలి మస్తు వేడిగున్నది కని, అగరుబత్తి పొగ పెడితే గూడ సక్కగ చెదురుతలేదు.

లినక్స్_లచ్చిమి · మే 12, మధ్యాహ్నం 2:02

అగరుబత్తి పరీక్ష బాగుంది తమ్ముడూ, ఇక నేనూ వాడతా.

నీ అంకెలు చూస్తే మాస్టారు చెప్పిన రెండో రకమే. ఈ చిప్పుకి ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. అక్కడికి దగ్గర పడగానే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. మామూలుగా 2.4 నుంచి 4.1 దాకా పోవాల్సింది నీ దగ్గర 1.7లో కుంటుతోంది. నువ్వు కొన్న మెషీన్‌లో సగమే నీకు దక్కుతోంది.

గది 37 ఉందన్న సంగతి కూడా మరిచిపోకు. చలికాలంలో 22 ఉన్న గదిలో ఇదే మెషీన్ ఇంతగా కుంటేది కాదు, నీకు అనుమానమే వచ్చేది కాదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలా దాదాపు అన్నీ పెరుగుతాయి. దుమ్ము రెండేళ్లుగా పేరుకుంటూ ఉంటుంది, ఎండలొచ్చాకే బయటపడింది.

సీమ_సిమెంటు · మే 12, సాయంత్రం 6:30

మాది ఎర్రగుంట్ల పక్క. సిమెంటు దుమ్ము గురించి నన్నడగండి. యాడాదికి రెండు తూర్లు విప్పాల్సిందే. మా దుమ్ము బూడిద మాదిరి, తేమ తగిల్తే ఫిన్స్ (వేడిని గాలికిచ్చే సన్న రేకులు) మధ్య గట్టిగా పట్టుకుంటాది. బ్రష్షుతో పోదు, పళ్లపుల్లతో ఒక్కొక్క సందూ గీకినా. పిల్లగాడా, మీది సాంచాల ఊరు కదా, మీకు నూలు దుమ్ము వస్తాదేమో. అది వేరే రకం.

సాంచాల_పిల్లగాడు · మే 12, రాత్రి 8:10

మా ఇంటి గోడకు ఆవలనే షెడ్డు, సీమన్నా. కిటికీ తెరిస్తె నూలు దుమ్మే. మా నాయిన సాంచాలు తుడిచే బ్లోయర్ తెచ్చి "దీనితోని వెనక సందుల కొడదాం, రెండు నిమిషాల పని" అంటుండు. కొట్టాల్నా?

పాత_స్క్రూడ్రైవర్ · మే 12, రాత్రి 8:14

వద్దు! నాన్నగారి చేతిలోంచి ముందు ఆ బ్లోయర్ తీసుకో.

బయటినుంచి కొడితే ఏమవుతుందంటే, ఫ్యాను రెక్కలకీ ఫిన్స్‌కీ మధ్య ఉన్న దుమ్ము చెక్క ఊడొచ్చి ఫ్యానులో పడుతుంది. పైగా ఆ జోరుకి ఫ్యాను దాని లెక్కకి మించి తిరిగి బేరింగ్ పోతుంది. తిరిగే ఫ్యాను చిన్న జనరేటర్ లాంటిది కూడా, బోర్డు వైపు కరెంటు తోసే ప్రమాదం ఉంది. బ్లోయర్ వాడాలనుకుంటే విప్పాక, ఫ్యాను రెక్కని వేలితో కదలకుండా పట్టుకుని, దూరం నుంచి, అదీ లాప్‌టాప్ బయట పెట్టి.

విప్పే పద్ధతి చెప్తా విను. షట్‌డౌన్ చెయ్యి, స్లీప్ కాదు. చార్జర్ తీసెయ్యి. ఒక తెల్లకాగితం మీద లాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చు. ముందువైపు పొట్టివీ వెనకవైపు పొడుగువీ ఉంటాయి. పొడుగుది పొట్టి చోట బిగిస్తే పైన కీబోర్డు దగ్గర బుడిపె లేస్తుంది, నా దగ్గరికి అలాంటివి నెలకోటి వస్తాయి. రబ్బరు కాళ్ల కింద దాగిన స్క్రూలు ఉన్నాయేమో తడిమి చూడు. మూత లేపడానికి పాత ఏటీఎం కార్డు చాలు, స్క్రూడ్రైవర్ దూర్చి పొడవకు.

మూత రాగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. తీగలు పట్టి లాగకు, ప్లాస్టిక్ చెవులు రెండువైపులా కొంచెం కొంచెం తోస్తూ తియ్యి. తర్వాత పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకో. చేతి కరెంటు పోవడానికి ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకో, నైలాన్ దుప్పటి మీద కూర్చుని చెయ్యకు.

ఫ్యాను మాత్రమే విప్పు. హీట్‌సింక్, అంటే చిప్పు మీదున్న రాగి పలకా పైపుల జోలికి ఇప్పుడే పోకు.

గోదారి_గట్టు · మే 12, రాత్రి 10:40

ఖాళీగా ఉన్నాం కాబట్టి నా పాపం ఒకటి చెప్పుకుంటానండి. కాలేజీ రోజుల్లో హాస్టల్లో పాత డెస్క్‌టాప్ ఉండేది. పేస్టు అయిపోయింది. ఒక మహానుభావుడు "టూత్‌పేస్టు కూడా పేస్టే కదరా" అన్నాడు. నమ్మండి, నమ్మకపోండి, మొదటి రోజు బ్రహ్మాండంగా పనిచేసింది! పాత దానికన్నా నాలుగు డిగ్రీలు తక్కువ. రూమంతా పుదీనా వాసన. నేను సైంటిస్టునైపోయానని మెస్సులో చెప్పుకుని తిరిగాను. మూడో రోజు సెమిస్టర్ ప్రాజెక్టు ప్రింటు తీస్తుంటే ఆరిపోయింది. విప్పి చూస్తే సున్నం కొట్టిన గోడలా పెచ్చులు పెచ్చులు. నీళ్లు ఆవిరైపోయాక అందులో మిగిలేది సుద్దే కదండీ.

పేస్టు బదులు ఏదో ఒకటి పెడదామనుకునే వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఆయ్, నేను చేసేశాను, మీరు చెయ్యక్కర్లేదు.

సాంచాల_పిల్లగాడు · మే 13, ఉదయం 11:25

తెరిచిన!!

అన్నా, బయటికెళ్లి చూస్తె ఏం కనవడలే. ఫ్యాను రెక్కలకు గూడ జర్రంతనే దుమ్ము. "గింతేనా" అనుకున్న. ఫ్యాను మూడు స్క్రూలు తీసి పక్కకు జరిపిన. ఫిన్స్ కనవడలే. ఫిన్స్ ఉండాల్సిన కాడ బూడిద రంగు గొంగడి ముక్క. నిజంగ గొంగడే, నేసినట్టు. చిమ్టతోని ఒక మూలకు పట్టి గుంజితే పట్టీ లెక్క మొత్తం ఒక్కపారే లేచింది. నా చూపుడు వేలంత పొడువు, రెండు మిల్లీమీటర్ల మందం. అండ్ల ఎర్ర పోగు ఒకటి, పచ్చ పోగు ఒకటి. మా నాయిన చూసి, "ఇది పోయిన దసరకు నేసిన చీరెల రంగు" అన్నడు.

రెండో ఫ్యాను కాడ గూడ గట్లనే. పాత పళ్లబ్రష్షుతోని ఫిన్స్ తుడిచిన, ఫ్యాను వేలితోని పట్టి బ్లోయర్ దూరంకెళ్లి కొట్టిన. నాయిన ఖుషీ.

మళ్ల అదే వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టిన. 98 ఉండేది 87కు వచ్చింది. స్పీడు 2.9. పేస్టు ముట్టనే లేదు!

పాత_స్క్రూడ్రైవర్ · మే 13, మధ్యాహ్నం 12:10

ఆ గొంగడి ముక్క పారెయ్యకు. ఆ షాపాయనకి చూపించి రా.

దోహా_దుమ్ము · మే 13, మధ్యాహ్నం 3:45

నేను నిర్మల్ నుంచి, ఖతర్‌లో పని. ఇక్కడ ఇసుక దుమ్ము, నూలు కన్నా నయం, బ్రష్షు తగిలితే రాలిపోతుంది.

నా మాట: ఎట్లాగూ తెరిచినవ్, ట్యూబు కూడా వస్తుంది, నాలుగేండ్ల పేస్టు మార్చెయ్. 87 కూడా ఎక్కువే.

లినక్స్_లచ్చిమి · మే 13, సాయంత్రం 4:20

నేను ఒప్పుకోను దోహా అన్నా. 37 డిగ్రీల గదిలో, ఇంత సన్నటి లాప్‌టాప్‌లో, పూర్తి లోడు మీద 87 అంటే మంచి అంకే. కంపెనీ కొత్తగా ఇచ్చినప్పుడు కూడా అంతకన్నా పెద్ద తేడా ఉండి ఉండదు. సీజన్ మధ్యలో, చేతిలో ఉన్న ఒక్క మెషీన్ మీద మొదటిసారి హీట్‌సింక్ ఊడదీయడం ఎందుకు? జూలైలో చేసుకోవచ్చు.

పేస్టు గురించి అందరికీ ఒక భ్రమ ఉంది, అది చల్లబరిచే మందు అని. దాని పని చాలా చిన్నది. రాగి వేడిని తీసుకెళ్లే శక్తి 400 అనుకుంటే, మంచి పేస్టుది ఎనిమిదో తొమ్మిదో. గాలిది ఒకటిలో దాదాపు నలభయ్యో వంతే. చిప్పూ రాగీ రెండూ కంటికి నున్నగా కనిపిస్తాయి కానీ మధ్యలో కనిపించని గుంతలుంటాయి. ఆ గుంతల్లో గాలి ఉండే బదులు పేస్టు ఉండాలి, అంతే. పేస్టు మందంగా ఉంటే రాగికి తనే అడ్డం.

దోహా_దుమ్ము · మే 13, సాయంత్రం 5:05

అక్కా, లెక్క సరే. కానీ లాప్‌టాప్‌ల డెస్క్‌టాప్ లెక్క చిప్పు మీద లోహపు మూత ఉండదు. గాజులా ఉన్న చిప్పు నేరుగా రాగికి తగులుతుంది. వేడెక్కినప్పుడల్లా, చల్లారినప్పుడల్లా ఆ రెండూ ఇంతంత కదిలి పేస్టును అంచులకు నెట్టేస్తాయి. పంప్ అవుట్ అంటారు. ట్యూబు మీద ఎనిమిదేండ్లని రాసి ఉన్నా లాప్‌టాప్‌ల రెండేండ్లు దాటితే గొప్ప. పిల్లగానిది నాలుగేండ్లు.

సీమ_సిమెంటు · మే 13, రాత్రి 7:15

ఇద్దరిదీ నిజమే. కానీ ట్యూబు చేతికొచ్చినాక వాడు ఊరుకుంటాడా? నేనైతే ఊరుకోను.

సాంచాల_పిల్లగాడు · మే 15, ఉదయం 10:00

సీమన్నా, మీరు జాతకం గిట్ల చెప్తరా? ట్యూబు వచ్చింది. ఎల్లుండి దాంక పని లేదు. చేస్త. మాస్టారూ, పూసే పద్ధతి చెప్పున్రి.

పాత_స్క్రూడ్రైవర్ · మే 15, మధ్యాహ్నం 12:30

సరే, చేస్తానంటే సరిగ్గా చెయ్యి.

విప్పే ముందు పది నిమిషాలు ఏదైనా నడిపి గోరువెచ్చగా చేసి ఆపు, ఎండిన పేస్టు మెత్తబడుతుంది. హీట్‌సింక్ మీద స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు అచ్చుకొట్టి ఉంటాయి. విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి వెనక్కి రా. ఒక్కొక్కటీ సగం చుట్టు, సగం చుట్టు వదులు చెయ్యి. రాగి రాకపోతే పైకి లాగకు, అటూ ఇటూ ఇంత తిప్పు. ఆ పైపులు లోపల బోలు. గుక్కెడు కూడా లేని నీళ్లు, గాలి తీసేసి, మూసేసి ఉంటాయి. చిప్పు దగ్గర ఆవిరై, ఫిన్స్ దగ్గర చల్లబడి మళ్లీ నీరై వెనక్కి వస్తాయి. ఇడ్లీ పాత్ర మూతకి పట్టిన ఆవిరి చూశావుగా, అదే పని. పైపు వంగినా నలిగినా ఇక అది ఉత్త రాగి కడ్డీ.

పాత పేస్టు తుడవడానికి ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కావాలి. మొబైల్ రిపేరు షాపుల్లో ఎవర్ని అడిగినా ఇస్తారు. శానిటైజర్ వాడకు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు మిగులుతుంది. కళ్లద్దాల గుడ్డతో తుడువు. దూది పుల్లలు పోగులు వదుల్తాయి, మీ ఊళ్లో అవి ఎలాగూ ఎక్కువే. చిప్పు అంచుల్ని ఇనుముతో గీకావో, పెంకు ఎగిరిపోతుంది.

చిప్పు మీద పేస్టు పల్చగా, మొత్తం కప్పేలా. పెద్ద చిప్పు కాబట్టి ఒక బియ్యపు గింజ కన్నా కాస్త ఎక్కువ పెట్టి, కార్డు ముక్కతో అంతటా లాగు. మూలలు ఖాళీ ఉండకూడదు. గ్రాఫిక్స్ చిప్పు మీదా అంతే. బిగించేటప్పుడు 1, 2, 3, 4 వరసలో, మళ్లీ సగం సగం చుట్లు.

చిప్పుల చుట్టూ చిన్న చిన్న నల్ల మెమరీ ముక్కల మీద బూడిద రంగు మెత్తని ప్యాడ్లుంటాయి. చిరక్కపోతే వాటిని ముట్టుకోకు.

సాంచాల_పిల్లగాడు · మే 16, రాత్రి 11:50

అన్నా కొంప మునిగింది.

అన్నీ మీరు చెప్పినట్టే చేసిన. ఆన్ అయింది. ఎక్స్‌పోర్ట్ పెట్టిన. రెండు సెకన్లల్ల 100. రెండే సెకన్లు! స్పీడు 1.2. ఆపంగనే 65కు పడ్తుంది. వెనక గాలి సల్లగ వస్తుంది. మూడు పార్లు విప్పి పెట్టిన, మూడు పార్లు పేస్టు ఎక్కువేసి చూసిన, అంతే. ఎల్లుండి డెలివరీ ఉన్నది. నాయినకు చెప్పలే.

లినక్స్_లచ్చిమి · మే 17, ఉదయం 6:10

భయపడకు. చిప్పు పాడవలేదు, పాడైతే అసలు ఆన్ అయ్యేది కాదు. మాస్టారు మొదట్లో చెప్పిన మొదటి రకం గుర్తుందా? రెండు సెకన్లలో ఎక్కడం, ఆపగానే పడడం, చల్లటి గాలి. వేడి రాగికి చేరట్లేదు. అంటే రాగి చిప్పుని సరిగ్గా తాకట్లేదు. ప్రాసెసర్‌లోని నాలుగు కోర్ల (లెక్కలు చేసే భాగాల) డిగ్రీలు విడివిడిగా చూసి చెప్పు, వాటి మధ్య తేడా ఎంత?

దోహా_దుమ్ము · మే 17, ఉదయం 6:40

తమ్మీ, నిజం చెప్పు. ప్యాడ్లు మార్చినవా?

సాంచాల_పిల్లగాడు · మే 17, ఉదయం 7:05

కోర్లు 100, 99, 86, 84.

...మార్చిన అన్నా. ఒకటి కొంచెం చిరిగింది. ట్యూబుతోని ప్యాడ్ల షీటు గూడ ఆర్డర్ పెట్టిన, కొత్తయి మంచిగుంటయ్ కదా అని అన్నీ మార్చిన. 1.5 మిల్లీమీటర్లయి. పాతయి నలిగి సన్నగుండె, కొత్తయి మందంగ ఉంటె ఇంకా మంచిగ తాకుతయ్ అనుకున్న.

పాత_స్క్రూడ్రైవర్ · మే 17, ఉదయం 7:30

దొరికాడు దొంగ.

మెమరీ ముక్కల మీద మందం ప్యాడ్లు నాలుగు స్తంభాల్లా నిలబడి రాగి పలకని ఎత్తి పట్టుకున్నాయి. చిప్పుకీ రాగికీ మధ్య జుట్టంత సందు. ఒకవైపు కోర్లు వంద, ఇంకోవైపు ఎనభై అయిదు అంటే పలక ఒక మూల ఎత్తుగా ఉంది. పేస్టు ఎంత పోసినా ఆ సందు నిండదు, నిండినా లచ్చిమమ్మ చెప్పినట్టు పేస్టే అడ్డం.

కళ్లతో చూస్తావా? మళ్లీ బిగించు, ఆన్ చెయ్యకుండానే విప్పు. రాగి మీద, చిప్పు మీద పడిన అచ్చు చూడు. సరిగ్గా తాకిన చోట పేస్టు పొర పల్చబడి అడుగు కనిపిస్తుంది. తాకని చోట నువ్వు పూసినట్టే గీతలు గీతలుగా, మందంగా ఉంటుంది.

పాత ప్యాడ్లు ఉన్నాయా, పారేశావా? ఉంటే వాటినే పెట్టు. చిరిగినదాన్ని రెండు ముక్కలు పక్కపక్కన చేర్చి పరిచినా చాలు. పేస్టు మాత్రం ప్యాడు బదులు వాడకు, అంత సందులో నిలబడదు.

గోదారి_గట్టు · మే 17, ఉదయం 8:15

తెల్లారి లేచి చూసేసరికి సినిమా ఇంటర్వెల్ దాటిపోయిందండీ. తమ్ముడూ, పాతవి ఎక్కడ పెట్టావో ముందది చెప్పు, నాకిక్కడ కాఫీ దిగట్లేదు.

సాంచాల_పిల్లగాడు · మే 17, మధ్యాహ్నం 12:45

చెత్తబుట్టల! అమ్మ ఇంక పారబొయ్యలే. చాయ్ పత్తి కింద దొరికినయ్. ఐపీఏతోని పైపైన కడిగి ఆరబెట్టిన.

అచ్చు చూసిన మాస్టారూ. గ్రాఫిక్స్ చిప్పు మీద మంచిగనే ఉన్నది. ప్రాసెసర్ మీద ఎడమ దిక్కు సగం, నేను కార్డుతోని గీసిన గీతలు గీసినట్టే ఉన్నయ్. రాగి తాకనే లేదు.

పాత ప్యాడ్లు పెట్టిన. చిరిగినది అతుకుపెట్టిన. పేస్టు తుడిచి మళ్ల పల్చగ పూసిన. 1, 2, 3, 4. చేతులు వణికినయ్.

గది 38. ఎక్స్‌పోర్ట్ పదిహేను నిమిషాల సంది నడుస్తుంది. 81. కోర్లు 81, 80, 79, 78. స్పీడు 3.3.

నాయినకు ఇప్పుడు చెప్పిన.

దోహా_దుమ్ము · మే 17, మధ్యాహ్నం 1:00

శభాష్. కొత్త ప్యాడ్లు కావాలంటే తర్వాత 1 మిల్లీమీటరువి తెప్పించు, కానీ ముందు పాతది నలగని అంచు దగ్గర కొలిచి తీసుకో. నలిగిన చోట కొలిస్తే ఎప్పుడూ తక్కువే వస్తుంది.

లినక్స్_లచ్చిమి · మే 17, సాయంత్రం 4:30

సరే, పేస్టు వల్ల ఆరు డిగ్రీలు, అదీ గది ఒక డిగ్రీ ఎక్కువున్నా. నేను ఓడిపోయానని ఒప్పుకుంటున్నా. దుమ్ము వల్ల పదకొండు అని కూడా ఎక్కడైనా రాసుకోండి.

తమ్ముడూ, ఇంకో నాలుగైదు డిగ్రీలు కావాలంటే థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాంతో ప్రాసెసర్ ఓల్టేజీ కొద్దిగా తగ్గించి చూడొచ్చు. 2019 డిసెంబరులో, ఓల్టేజీ తగ్గించి ప్రాసెసర్ భద్రతని దెబ్బతీసే ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయోస్ (మెషీన్ ఆన్ అవగానే నడిచే లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్లలో ఆ దారి మూసేశాయి. నీది మూసి ఉంటే దాని జోలికి పోకు.

సాంచాల_పిల్లగాడు · మే 17, సాయంత్రం 5:10

మూసే ఉన్నదక్కా. 81 చాలు నాకు.

సీమ_సిమెంటు · మే 17, రాత్రి 9:20

మాస్టారూ, మధ్యలో నాదొక ప్రశ్న. పేస్టు బదులు లిక్విడ్ మెటల్ పెడితే ఇంకా బాగా తగ్గుతాదంట కదా? ఒక ట్యూబు చూసినా, రొవంత రేటెక్కువ.

పాత_స్క్రూడ్రైవర్ · మే 17, రాత్రి 10:00

సీమ తమ్ముడూ, తగ్గుతుంది. కానీ అందులో ఉండేది గేలియం. అల్యూమినియానికి తగిలితే తినేస్తుంది. కరెంటు కూడా పారుతుంది, చిప్పు పక్కనున్న ముక్కల మీద ఒక్క బొట్టు జారితే బోర్డు గోవిందా. కొన్ని లాప్‌టాప్‌లకి ఫ్యాక్టరీలోనే పెట్టి, చుట్టూ కట్ట కట్టి పంపిస్తారు. మనం ఇంట్లో ఎందుకు? అంతగా పేస్టు మార్చే బాధ వద్దనుకుంటే పీటీఎం7950 చూడు. పేస్టు బదులు పెట్టే పల్చటి షీటు. 45 డిగ్రీలు దాటితే మెత్తబడి గుంతల్లోకి దిగుతుంది, అంచులకి పారిపోదు. కత్తిరించే ముందు పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టు, లేకపోతే పైనున్న కవరు ఊడదు. నకిలీలు ఎక్కువ, కొనేటప్పుడు చూసుకో.

సాంచాల_పిల్లగాడు · జూన్ 19, రాత్రి 8:35

నెల దాటింది కదా, చెప్తమని వచ్చిన. గది 33, లోడు మీద 78. బల్ల కిటికీ కాడికెళ్లి తీసి లోపటి గోడకు పెట్టిన. ఇయ్యాల మూత తీసి టార్చి కొట్టి చూసిన, ఫిన్స్ మీద అప్పుడే పాల మీది మీగడంత సన్నగ పొర పట్టింది. పళ్లబ్రష్షుతోని ఐదు నిమిషాలల్ల పోయింది. హీట్‌సింక్ ముట్టలే, ఒట్టు.

ఫ్యాను గాలి పోయే జాలికి మా అమ్మ పాత చున్నీ ముక్క కడదామంటుంది, దుమ్ము ఆగుతదని.

పాత_స్క్రూడ్రైవర్ · జూన్ 19, రాత్రి 9:10

అమ్మగారికి నమస్కారం చెప్పి, చున్నీ లోపల దాచెయ్యి. గాలి కూడా ఆగుతుంది.

గోదారి_గట్టు · జూన్ 19, రాత్రి 9:25

అది సరేనండీ, ఆ పెండ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌కి ఎంతసేపు పడుతోందో చెప్పలేదు.

సాంచాల_పిల్లగాడు · జూన్ 19, రాత్రి 9:31

అదే ఫైలు పెట్టి చూసిన. అప్పుడు 41 నిమిషాలు, ఇప్పుడు 24. షాపాయనకు గొంగడి ముక్క చూపిద్దామని జేబుల పెట్టుకొని పోయిన గని, షాపు బందున్నది.